రోజంతా నడుముకి ఉంచుకోగలిగే పిస్టల్ ఎంచుకోవడం ఎలా: టెక్సాస్ తెలుగువాళ్ళ కోసం

ఫ్రిస్కో, ప్లేనో, అర్వింగ్ వైపు గన్ను కొన్న మనవాళ్ళని ఈమధ్య చాలామందినే చూస్తున్నాను. కొన్న కొత్తలో రెండు వారాలు నడుముకి పెట్టుకుని తిరుగుతారు, తర్వాత కూర్చుంటే గుచ్చుకుంటోందని, చెమటకి దురద పుడుతోందని కారు గ్లవ్ బాక్స్‌లో పడేస్తారు, ఇక అది అక్కడే ఉండిపోతుంది. కారులో వదిలేసిన గన్ను మీకు అక్కరకు రాదు సరికదా, అద్దం పగలగొట్టినవాడికి మాత్రం బాగా పనికొస్తుంది. చాలామంది పిస్టల్ ఎంచుకునేటప్పుడు ఏ బ్రాండ్, ఎన్ని తూటాలు, యూట్యూబ్‌లో ఎవరు ఏమన్నారు అని చూస్తారు గానీ, అది పెట్టుకుని ఎనిమిది గంటలు కుర్చీలో కూర్చోగలమా, దాంతో గురి చూసి కొట్టగలమా అన్నది చూడరు. ఈ రెండూ ఒకదాన్నొకటి లాగుతుంటాయి, ఎంపిక కష్టమయ్యేది అక్కడే.

అయితే దానికంటే ముందు వీసా సంగతి. ఎఫ్-1, హెచ్-1బి, హెచ్-4, ఎల్-1 లాంటి నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళకి, కొన్ని మినహాయింపులు తప్ప, గన్ను గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడమే ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. కొనడం ఒక్కటే కాదు, దగ్గర ఉండటం కూడా. వేట లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉన్న మాట నిజమే, "మా ఫ్రెండ్ అలాగే కొన్నాడు" అని చెప్పేవాళ్ళూ ఉంటారు, కానీ ఇరవై ఏళ్ళు క్యూలో నిలబడి తెచ్చుకోబోయే గ్రీన్ కార్డుని దీనికోసం పణంగా పెట్టకండి, లాయర్‌ని అడక్కుండా షూటింగ్ రేంజ్‌లో అద్దె గన్ను కూడా ముట్టుకోవద్దు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళు, సిటిజన్లు కొనుక్కోవచ్చు. షాపులో 4473 అనే ఫారం నింపాలి, ఎఫ్‌బీఐ వాళ్ళ బ్యాక్‌గ్రౌండ్ చెక్ ఉంటుంది, డీలర్ దగ్గర పిస్టల్ కొనాలంటే 21 ఏళ్ళు నిండి ఉండాలి. ఇంట్లో ఒకరు సిటిజన్, ఇంకొకరు వీసా మీద ఉన్నా, ఇండియా నుంచి అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద వచ్చినా, సేఫ్ కోడ్ మీకొక్కరికే తెలిసి ఉండాలి.

టెక్సాస్‌లో 2021 సెప్టెంబర్ 1 నుంచి, 21 దాటి, చట్టప్రకారం గన్ను ఉంచుకోగలిగినవాళ్ళు లైసెన్స్ లేకుండానే పిస్టల్ పెట్టుకుని తిరగొచ్చు. అయినా ఎల్‌టీసీ, అంటే లైసెన్స్ టు క్యారీ, తీసుకోమనే నేను చెబుతాను. ఎందుకంటే స్కూలుకి వెయ్యి అడుగుల లోపల గన్నుతో ఉండకూడదన్న ఫెడరల్ చట్టంలో రాష్ట్రం ఇచ్చిన లైసెన్స్ ఉన్నవాళ్ళకి మినహాయింపు ఉంది, లైసెన్స్ లేనివాళ్ళకి లేదు. పిల్లల్ని పొద్దున్నే దింపి వచ్చేవాళ్ళు దాదాపు రోజూ ఆ వెయ్యి అడుగుల్లోకే వెళ్తుంటారు. స్కూలు భవనంలోకి మాత్రం లైసెన్స్ ఉన్నా తీసుకెళ్ళకూడదు.

ఇక అసలు విషయానికి వద్దాం.

చిన్న గన్ను అయితే హాయిగా ఉంటుందని అందరూ అనుకుంటారు. పెట్టుకోవడానికి హాయే, కాల్చడానికి మాత్రం నరకం. రూగర్ ఎల్‌సీపీ లాంటివి 300 గ్రాములకి అటూ ఇటూ ఉంటాయి, ప్యాంటు జేబులో వేస్తే ఉందన్న సంగతే మర్చిపోతాం. కానీ బరువు లేని గన్ను పేలినప్పుడు ఆ తన్ను మొత్తం అరచేతి మీదే పడుతుంది, పట్టుకోవడానికి రెండు వేళ్ళకే చోటుంటుంది, చిటికెన వేలు గాల్లో వేలాడుతుంది. .380 తూటా 9 ఎం.ఎం. కంటే బలహీనమైనదే, అయినా ఎల్‌సీపీతో .380 కాల్చినప్పటి కంటే గ్లాక్ 19తో 9 ఎం.ఎం. కాల్చినప్పుడే చెయ్యి సుఖంగా ఉంటుంది. గ్లాక్ 19 ఖాళీగా దాదాపు 670 గ్రాములు, 15 తూటాలు నింపితే 850 దాటుతుంది, ఆ బరువే తన్నుని మింగేస్తుంది. కాకపోతే ఆ 850 గ్రాములూ పొద్దున్నుంచి రాత్రి దాకా మీ నడుమే మోయాలి.

అందుకే షాపులో ఆడవాళ్ళు కనబడగానే కౌంటర్ వెనకాయన ఓ బుల్లి పిస్టలో, ఐదు గుళ్ళ స్మిత్ అండ్ వెసన్ 642 రివాల్వరో తీసి చూపిస్తే నాకు ఒళ్ళు మండుతుంది. 642 మంచి రివాల్వరే, 400 గ్రాముల చిల్లర ఉంటుంది, జేబుకి దానంత బాగా కుదిరేవి తక్కువ. కానీ ట్రిగ్గర్ బరువు, పొడవు రెండూ ఎక్కువే, గురి చూసుకునే సైట్లు నామమాత్రం, నాలుగు రౌండ్లు కాల్చేసరికి బొటనవేలి మొదలు నొప్పి పుడుతుంది. అది చెయ్యి తిరిగినవాళ్ళు వాడేది. కొత్తగా నేర్చుకునే మనిషికి దాన్ని అంటగడితే రెండోసారి రేంజ్ గడప తొక్కదు.

మధ్య సైజు పిస్టళ్ళు వచ్చాక ఈ గొడవ చాలావరకు తగ్గింది. 2018లో సిగ్ సావర్ పి365 వచ్చింది, అర కిలో బరువు, అంగుళం మందం, అందులోనే పది తూటాలు. మరుసటి ఏడాది స్ప్రింగ్‌ఫీల్డ్ హెల్‌క్యాట్, 2021లో స్మిత్ అండ్ వెసన్ షీల్డ్ ప్లస్. మొదటి పిస్టల్ కొనేవాళ్ళు ఈ తరగతి నుంచి మొదలుపెట్టి, చేతికి చిన్నదనిపిస్తే పి365 ఎక్స్‌ఎల్ వైపో, గ్లాక్ 19 వైపో పైకి వెళ్ళడం మంచిదని నా అభిప్రాయం. రోజంతా పెట్టుకోగలిగినవాటిలో అన్నిటికంటే పెద్దది తీసుకోండి, సులువుగా దాచగలిగినవాటిలో అన్నిటికంటే చిన్నది కాదు.

దాచడం గురించి ఒక అపోహ ఉంది. గొట్టం పొడవు తగ్గితే దాచడం తేలికని చాలామంది అనుకుంటారు. గొట్టం ప్యాంటు లోపలికి పోతుంది, దాన్ని ఎవరూ చూడరు. చొక్కా మీద బొడిపెలా ప్రింట్ అయ్యేది గ్రిప్, అంటే చేత్తో పట్టుకునే భాగం, ముఖ్యంగా దాని వెనక మూల. ఇది కళ్ళతో చూసి తెలుసుకోవాలంటే షాపులో గ్లాక్ 43, 43ఎక్స్, 48 మూడూ వరసగా తీయించుకోండి. 43కీ 43ఎక్స్‌కీ గొట్టం ఒకటే, సుమారు మూడున్నర అంగుళాలు, గ్రిప్ మాత్రం 43ఎక్స్‌కి పొడుగు, అందుకే దాని మేగజైన్‌లో, అంటే గ్రిప్ లోపలికి దూర్చే తూటాల డబ్బాలో, ఆరుకి బదులు పది పడతాయి. 43ఎక్స్‌కీ 48కీ గ్రిప్ ఒకటే, గొట్టం 48కి నాలుగు అంగుళాలు దాటుతుంది. 43ఎక్స్ దాచగలిగిన మనిషి 48ని కూడా దాచగలడు, కొందరికైతే 48తోనే ఇంకా బాగా దాగుతుంది. బొడ్డు కింద ముందువైపు పెట్టుకున్నప్పుడు పొడుగాటి కింది భాగం ఒంటికి ఆనుకుని, పైన ఉన్న గ్రిప్‌ని పొట్ట వైపు వాల్చుతుంది. గొట్టం మరీ పొట్టిదైతే గ్రిప్ బరువుకి పిస్టల్ మొత్తం బయటికి తిరగబడి, చొక్కాని ముందుకి తోస్తుంది.

ఇప్పుడు చెయ్యి. కౌంటర్ దగ్గర పిస్టల్ అడిగితే ఖాళీ చేసి, స్లైడ్, అంటే పైన ముందుకీ వెనక్కీ జరిగే భాగం, వెనక్కి లాగి ఇస్తారు, అయినా చాంబర్‌లోకి, అంటే తూటా కూర్చునే చోటులోకి, మీరూ ఒకసారి చూడండి, అదేమీ మర్యాద తక్కువ కాదు, చూడకపోతేనే వాళ్ళు మిమ్మల్ని వింతగా చూస్తారు. ఎటు గురిపెట్టి చూడొచ్చో అడగండి, మనుషుల వైపు పొరపాటున కూడా తిప్పొద్దు, వేలు ట్రిగ్గర్‌కి బయటే ఉండాలి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మం పిస్టల్ వెనక వీలైనంత పైకి ఆనాలి, గొట్టం మీ ముంజేతికి సూటిగా రావాలి. అలా పట్టుకున్నాక, పట్టు మార్చకుండా, చూపుడువేలి మొదటి కణుపు మెత్తటి భాగం ట్రిగ్గర్ మీదికి వస్తోందా చూడండి. వేలి కొస మాత్రమే అందితే ఆ పిస్టల్ మీకు పెద్దది, నొక్కినప్పుడల్లా పక్కకి లాగేస్తారు. రెండో కణుపు దాకా వెళ్ళిపోతే చిన్నది. చిన్న చేతులవాళ్ళు గ్లాక్ 19 లాంటి లావు గ్రిప్ దగ్గర ఈ ఒక్క పరీక్ష తప్పకుండా చేయాలి. కొన్ని మోడళ్ళకి గ్రిప్ వెనక పలకలు మార్చుకునే వీలుంటుంది, అడిగితే అవి కూడా తీసి చూపిస్తారు.

స్లైడ్ వెనక్కి లాగలేకపోతున్నానని గన్నే మానేసినవాళ్ళు ఉన్నారు. చాలావరకు అది బలం సమస్య కాదు, పద్ధతి సమస్య. పిస్టల్‌ని ఒంటికి దగ్గరగా తెచ్చుకుని, ఎడమ అరచేయి మొత్తంతో స్లైడ్‌ని పట్టుకుని, కుడిచేత్తో పిస్టల్‌ని ముందుకి తోయండి, రెండు వేళ్ళ మధ్య పట్టుకుని గుంజొద్దు. అయినా కష్టమైతే, వేళ్ళ కీళ్ళ నొప్పులున్నవాళ్ళకి స్మిత్ అండ్ వెసన్ షీల్డ్ ఈజీ ఉంది, .380లోనూ 9 ఎం.ఎం.లోనూ వస్తుంది, స్లైడ్ తేలిగ్గా కదిలేలాగే తయారుచేశారు. దానికి గ్రిప్ వెనక ఒక సేఫ్టీ ఉంటుంది, గట్టిగా పట్టుకుంటే తప్ప పేలదు, పట్టు వదులుగా ఉండే వాళ్ళకి అది చికాకు పెట్టొచ్చు.

చేతికి కుదిరింది కదా అని అక్కడే కార్డు తీయకండి. అద్దెకి గన్నులిచ్చే రేంజ్‌కి వెళ్ళి, మీ లిస్టులో మిగిలిన రెండు మూడింటినీ కాల్చి చూడండి. మొదటి మేగజైన్ ఎప్పుడూ మోసం చేస్తుంది, ఉత్సాహంలో నొప్పి తెలియదు. నాలుగో మేగజైన్‌కి చెయ్యి ఏమంటోందో అదే అసలు మాట. గ్రిప్ గరుకు అరచేతిని గీరుతోందా, ట్రిగ్గర్ గార్డ్ కింద మధ్యవేలు కణుపు నొక్కుకుని ఎర్రబడుతోందా, ప్రతి దెబ్బకీ పిస్టల్ చేతిలో జరిగి మళ్ళీ సర్దుకోవాల్సి వస్తోందా. గురికి కొలత కావాలంటే ఎల్‌టీసీ పరీక్షే వాడుకోండి. అందులో 50 రౌండ్లు ఉంటాయి, మూడు గజాల దూరం నుంచి 20, ఏడు గజాల నుంచి 20, పదిహేను గజాల నుంచి 10, 250కి 175 వస్తే పాసు. అదేమీ బ్రహ్మాండమైన పరీక్ష కాదు. ఒక పిస్టల్‌తో అది అవలీలగా దాటి, ఇంకోదానితో చెమటలు పడుతుంటే, ఆ ఇంకోది ఎంత ముద్దుగా ఉన్నా పక్కన పెట్టేయండి.

సౌకర్యంలో సగానికి పైగా పిస్టల్‌లో ఉండదు, బెల్టులో, హోల్‌స్టర్‌లో, అంటే పిస్టల్ పెట్టుకునే ఒరలో ఉంటుంది, ఈ మాట ఎంతమందికి చెప్పినా 600 డాలర్ల గన్ను కొని 15 డాలర్ల నైలాన్ సంచీ తెచ్చుకుంటారు. కిందటి దీపావళికి ఎవరో బహుమతిగా ఇచ్చిన మెత్తటి ఆఫీసు బెల్టు వాడితే పిస్టల్ ఒకవైపుకి వేలాడుతుంది, దాన్ని ఆపడానికి బెల్టు ఇంకా బిగిస్తారు, అప్పుడు పొట్ట నొక్కుకుపోయి, తప్పంతా గన్నుదే అంటారు. గన్ను కోసమే చేసిన గట్టి బెల్టు ఒకటి కొనండి, చిల్లులు దూరం దూరంగా కాకుండా చిన్న చిన్న మెట్లుగా బిగించుకునేది అయితే భోజనం తర్వాత ఒక మెట్టు వదులు చేసుకోవచ్చు. ప్యాంటు లోపల పెట్టుకునే హోల్‌స్టర్ కాబట్టి ప్యాంటు నడుము ఒకటి రెండు అంగుళాలు పెద్దది తీసుకోవాలి. హోల్‌స్టర్ కైడెక్స్ లాంటి గట్టి ప్లాస్టిక్‌ది, సరిగ్గా మీ మోడల్‌కే అచ్చుపోసినది అయి ఉండాలి, ట్రిగ్గర్ పూర్తిగా కప్పి ఉండాలి, పిస్టల్ తీశాక కూడా మూతి ముడుచుకుపోకూడదు. గ్రిప్‌ని లోపలికి వాల్చే చిన్న రెక్క, కింద ఒంటికి ఆనే మెత్తటి దిండు ఉన్నవి కొంచెం ధర ఎక్కువైనా పెట్టొచ్చు. ఆ దిండు ఒక్కటి చేసే తేడా పిస్టల్ మార్చినా రాదు.

ఎక్కడ పెట్టుకోవాలన్నది ఒళ్ళుని బట్టి ఉంటుంది. సన్నగా ఉన్నవాళ్ళకి ముందువైపు, బకిల్‌కి కొంచెం కుడిగా బాగా దాగుతుంది, కారులో సీటు బెల్టు పెట్టుకున్నా అందుతుంది. బకిల్‌ని కొద్దిగా ఎడమకి జరిపితే రెండూ ఒకదాని మీద ఒకటి పడవు. బొజ్జ ఉన్నవాళ్ళకి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం పుణ్యమా అని మనలో చాలామందికి ఉంది కాబట్టి చెబుతున్నాను, వంగినప్పుడు గ్రిప్ పొట్టలోకి, గొట్టం తొడ మడతలోకి దిగుతాయి. వాళ్ళు కుడి తుంటి ఎముక వెనక్కి, గడియారంలో నాలుగు ఉండే చోట పెట్టి చూడాలి. నిలబడితే బ్రహ్మాండంగా ఉంటుంది, 635 హైవే మీద గంటసేపు ట్రాఫిక్‌లో సీటుకి ఆనుకుని కూర్చుంటే ఎలా ఉందన్నది చూసుకోవాలి. సరిగ్గా వెన్నుపూస మీద మాత్రం పెట్టొద్దు, జారి పడితే నడుము విరగొచ్చు.

అందుకని, కొన్న వెంటనే బయటికి పెట్టుకెళ్ళకుండా, తూటాలు వేరే గదిలో పెట్టేసి, ఖాళీ పిస్టల్‌తో ఇంట్లో ఒక వారం గడపండి. వర్క్ ఫ్రమ్ హోమ్ ఉన్నవాళ్ళకి ఇది చాలా తేలిక. షూ లేసులు కట్టుకోండి, కింద కూర్చుని లేవండి, డిష్‌వాషర్ సర్దండి, టాయిలెట్‌కి వెళ్ళినప్పుడు ప్యాంటు దించితే పిస్టల్ ఎటు పోతోందో చూసుకోండి, దీని గురించి ఎవరూ మాట్లాడరు గానీ అందరికీ మొదట ఇబ్బంది పెట్టేది ఇదే. చిన్నపిల్లలుంటే ఎత్తుకునేటప్పుడు వాళ్ళ కాలు ఎక్కడ తగులుతోందో గమనించి ఆ వైపు మార్చుకోండి. అడ్డొస్తున్నది పిస్టలా, హోల్‌స్టర్ ఎత్తా, వాలా అన్నది ఈ వారంలో తేలిపోతుంది, చాలాసార్లు స్క్రూ ఒకటి తిప్పి అర అంగుళం పైకో కిందకో జరిపితే సరిపోతుంది.

మన బట్టల సంగతికొస్తే, పొడుగు కుర్తా కంటే బాగా దాచేది ఇంకోటి లేదు. కాకపోతే కింద పైజామాకి బెల్టు ఉండదు, నాడా మీద అర కిలో వేలాడదీస్తే ఏమవుతుందో ఊహించుకోండి. కుర్తా కింద జీన్స్ వేసుకోవడం, లేదా ట్రిగ్గర్ దగ్గర గట్టి పలక ఉన్న బెల్లీ బ్యాండ్, అంటే పొట్ట చుట్టూ చుట్టుకునే పట్టీ, వాడటం మేలు. చీర, చుడీదార్ వేసుకునేవాళ్ళకి కూడా బెల్లీ బ్యాండే కొంత నయం. హ్యాండ్‌బ్యాగులో పెట్టుకోవడం నాకు నచ్చదు, బ్యాగు కుర్చీకి తగిలించి ప్లేటు తెచ్చుకోవడానికి వెళ్తాం, ఈలోపు పిల్లలు చాక్లెట్ కోసం జిప్పు తీస్తారు. జేబులో పెట్టుకునేవాళ్ళు తప్పకుండా జేబు హోల్‌స్టర్‌లోనే పెట్టాలి, ఆ జేబులో తాళాలు, చిల్లర, ఇంకేదీ ఉండకూడదు. గుడికి వెళ్ళేటప్పుడు ద్వారం దగ్గర బోర్డు చదవండి, గన్ను వద్దని, టెక్సాస్ చట్టంలోని సెక్షన్ నంబరు 30.06 లాంటిది వేసి బోర్డు పెట్టి ఉంటే లోపలికి తీసుకెళ్ళకూడదు. శుక్రవారం రాత్రి మందు ఉన్న పార్టీకి వెళ్తుంటే గన్ను ఇంటి సేఫ్‌లోనే ఉండాలి, తాగి పెట్టుకుంటే నేరం.

జూలై, ఆగస్టుల్లో డల్లాస్ ఎండకి ఒంటికి ఆనుకున్న ఇనుము తుప్పు పట్టడం మామూలే. లోపల బనియన్ వేసుకుని దాని మీదుగా హోల్‌స్టర్ పెడితే చర్మానికీ పిస్టల్‌కీ రెండింటికీ మంచిది. రాత్రి తీసేటప్పుడు పొడిగుడ్డతో తుడిచి, వారానికోసారి స్లైడ్ మీద పల్చగా నూనె రాయండి.

పిస్టల్‌ని హోల్‌స్టర్‌లో తిరిగి పెట్టేటప్పుడే ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి. చొక్కా అంచో, జాకెట్ తాడు ముడో ట్రిగ్గర్‌లో ఇరుక్కుంటే అంతే సంగతులు. చొక్కా పైకెత్తి, హోల్‌స్టర్ మూతి వైపు చూస్తూ, వేలు దూరంగా ఉంచి నెమ్మదిగా పెట్టండి, తొందరేమీ లేదు. ముందువైపు పెట్టుకునేవాళ్ళు పొద్దున్న పిస్టల్‌ని హోల్‌స్టర్‌లో ముందే ఉంచి, రెండూ కలిపి నడుముకి తగిలించుకుంటే ఇంకా మంచిది. పి365కీ షీల్డ్ ప్లస్‌కీ బయట సేఫ్టీ మీట ఉన్నవీ లేనివీ రెండు రకాలూ వస్తాయి. మీట ఉంటే మనసుకి ధైర్యం అనిపిస్తే అదే తీసుకోండి, కాకపోతే పిస్టల్ తీసిన ప్రతిసారీ బొటనవేలు దానంతటదే మీట దింపేదాకా ఖాళీ గన్నుతో సాధన చేయాలి.

రాత్రి ఇంట్లో ఎక్కడ పెడతారన్నది కొనకముందే తేల్చుకోండి. 17 ఏళ్ళలోపు పిల్లలకి తూటాలున్న గన్ను అందేలా వదిలేస్తే టెక్సాస్‌లో అది పెద్దవాళ్ళ మీద కేసు అవుతుంది. మంచం పక్కన గోడకో డ్రాయర్‌కో బిగించే చిన్న సేఫ్ చాలు, బీరువాలో చీరల కింద పెడితే పిల్లలకి తెలియదనుకోవడం మన భ్రమ.

వేరే రాష్ట్రానికి వెళ్తే అక్కడి చట్టమే. టెక్సాస్ లైసెన్స్ కాలిఫోర్నియా, న్యూజెర్సీ, న్యూయార్క్, ఇల్లినాయ్‌లలో చెల్లదు. న్యూజెర్సీలో ఉన్న చుట్టాలింటికి వెళ్తుంటే ఇంట్లో పెట్టి వెళ్ళండి.

డబ్బు విషయంలో, పిస్టల్‌కి ఎంత అనుకున్నారో దానిలో సగం ఇంకా పక్కన పెట్టుకోండి. బెల్టు, హోల్‌స్టర్, సేఫ్, రెండు అదనపు మేగజైన్లు, సాధనకి మామూలు ఎఫ్‌ఎంజే (పైన లోహపు తొడుగున్న) తూటాలు, వెంట పెట్టుకోవడానికి హాలో పాయింట్ (కొసలో గుంట ఉండే) తూటాలు, అన్నీ కలిపితే అంత అవుతుంది. హాలో పాయింట్ పెట్టె కొన్న రోజే అందులో కొన్ని మీ పిస్టల్‌లో కాల్చి చూడండి, కొన్ని పిస్టళ్ళు కొన్ని రకాల తూటాల్ని సరిగ్గా తినవు, ఇరుక్కుంటాయి. ఇరుక్కుంటే తూటాల బ్రాండ్ మార్చండి, మేగజైన్ మార్చి చూడండి, అప్పటికీ ఇరుక్కుంటుంటే కంపెనీకి పంపండి. వాడిన పిస్టల్‌ని షాపువాళ్ళు సాధారణంగా వెనక్కి తీసుకోరు, మార్పిడికి ఇస్తే సగం ధర పలికితే గొప్ప, కాబట్టి రేంజ్‌లో అద్దెకి పెట్టే ముప్ఫై నలభై డాలర్ల దగ్గర లెక్క చూసుకోవద్దు.